మీ లెక్కలో పడని ఎంట్రీ

ప్రశ్న: అక్కా, నేను ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. బ్యాంకు లోన్ ఆగిపోకూడదని, గోడౌన్‌లో లేని సరుకు ఉన్నట్టు స్టాక్ స్టేట్‌మెంట్ తయారు చేసి సంతకం పెట్టమని మా మేనేజర్ అడుగుతున్నారు. "ఆరు నెలలే, తర్వాత అంతా సర్దుకుంటుంది" అంటున్నారు. కాదంటే ఉద్యోగం ఉండదు. ఇంటి లోన్ ఉంది, నాన్నగారికి గుండె జబ్బు, మందులు, చెకప్‌లు నడుస్తున్నాయి. రాత్రిళ్లు కూర్చుని అన్నీ లెక్క వేశాను. ఈ ఆరు నెలలు ఎలాగో ఓర్చుకుని, ఈలోపు వేరే ఉద్యోగం చూసుకుని బయటపడటమే తెలివైన పని అనిపిస్తోంది. నా భార్య మాత్రం "దేవుణ్ణి నమ్మి, చెయ్యనని చెప్పెయ్యండి" అంటోంది. మా ప్రార్థన గుంపులో ఒక పెద్దాయన "నీకు ఆలోచన ఎక్కువ, లెక్కలు వేయడమే అవిశ్వాసం, స్వబుద్ధిని ఆధారం చేసుకోవద్దని వాక్యంలో లేదా" అన్నారు. నాన్నగారి విషయంలో కూడా డాక్టర్ల చుట్టూ తిరగడం తగ్గించమన్నారు. బుద్ధి ఇచ్చింది దేవుడే కదా, దాన్ని వాడొద్దంటే ఎలా? ఏది నా ఆలోచనో, ఏది దేవుని నడిపింపో ఎలా తెలుస్తుంది? ఆయన్ని నమ్మాక కూడా ఉద్యోగం పోతే? ఇదంతా నాన్నగారికి చెప్పాలా వద్దా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు:

తమ్ముడూ, మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఒక్క మాట. ఆ స్టేట్‌మెంట్ మీద సంతకం పెట్టకండి. ఆరు నెలలే అన్నా పెట్టకండి, ఈ ఒక్కసారికే అన్నా పెట్టకండి. దీనికి ఉపవాసం ఉండి నడిపింపు అడగక్కర్లేదు, కల రానక్కర్లేదు, ఎవరూ ప్రవచనం చెప్పక్కర్లేదు. "దొంగత్రాసు యెహోవాకు హేయము, సరియైన గుండు ఆయనకిష్టము" అని సామెతలు 11:1లో ఆయన ఎప్పుడో చెప్పేశాడు. లేని సరుకును ఉందని చూపించి అప్పు తెచ్చుకోవడం దొంగత్రాసు కాకపోతే మరేమిటి? దేవుడు ఇంత స్పష్టంగా చెప్పిన విషయంలో "ప్రభువా, నీ చిత్తం ఏమిటి" అని మళ్లీ మళ్లీ అడుగుతున్నామంటే, జవాబు తెలియక అడగడం లేదు, ఇంకో జవాబు వస్తుందేమోనన్న ఆశతో అడుగుతున్నాం.

మీ భార్య చెప్పింది నిజం. ఆ పెద్దాయన చెప్పింది మాత్రం నిజం కాదు. పైకి ఇద్దరూ ఒకే వచనాన్ని పట్టుకున్నట్టు ఉంటుంది గానీ, ఆమె "దేవుడు వద్దన్నది చెయ్యొద్దు, ఆ తర్వాతిది ఆయన చూసుకుంటాడు" అంటోంది, ఆయనేమో "ఆలోచించడమే మానెయ్" అంటున్నారు. మీ మనసులో ఈ రెండూ ఒకటైపోయాయి. దేవుణ్ణి నమ్మాలంటే బుర్ర పక్కన పెట్టాలి, బుర్ర వాడాలంటే సంతకం పెట్టాలి అన్నట్టుగా మీ ఉత్తరమంతా నడిచింది. అది సరికాదు.

స్వబుద్ధి గురించిన ఆ వచనం, సామెతలు 3:5-6, మొత్తం ఒకసారి చదువుదాం. "నీ స్వబుద్ధిని ఆధారము చేసికొనక నీ పూర్ణహృదయముతో యెహోవాయందు నమ్మకముంచుము. నీ ప్రవర్తన అంతటియందు ఆయన అధికారమునకు ఒప్పుకొనుము, అప్పుడు ఆయన నీ త్రోవలను సరాళము చేయును." ఇది రాసింది తెలివంటే పడనివాడు కాదు, సొలొమోను. మూడు వేల సామెతలు చెప్పినవాడు, ఆయన జ్ఞానం వినడానికి షేబ దేశపు రాణి పనిగట్టుకుని ప్రయాణం చేసి వచ్చింది. ఈ మాటకు ముందు అధ్యాయంలోనే ఆయన వివేచనను వెండి వెదికినట్టు, దాచిన ధనం వెదికినట్టు వెదకమంటాడు. ఆలోచన చెప్పేవాళ్లు లేనిచోట ఉద్దేశాలు వ్యర్థమవుతాయని 15:22లో అంటాడు. బుద్ధి లేనివాడు ప్రతి మాటా నమ్ముతాడని 14:15లో అంటాడు. మరి అంత ఆలోచించమన్నవాడే స్వబుద్ధిని ఆధారం చేసుకోవద్దని ఎందుకన్నాడు?

ఆయన జీవితం చూస్తే తెలుస్తుంది. రాజు గుర్రాలను విస్తారంగా సంపాదించుకోకూడదని, ఎక్కువమంది భార్యలను చేసుకోకూడదని, వెండి బంగారాలను విస్తరింపజేసుకోకూడదని ద్వితీయోపదేశకాండం 17లో ఉంది. సొలొమోను మూడూ చేశాడు. తెలివి లేక చేశాడా? ఫరో కుమార్తెను పెళ్లాడితే ఐగుప్తుతో సంబంధం కుదురుతుంది. గుర్రాలు, రథాలు ఉంటే సైన్యం బలపడుతుంది. రాజ్యం నడిపే ఎవరినడిగినా ఇవి మంచి నిర్ణయాలనే అంటారు. 1 రాజులు 11కు వచ్చేసరికి భార్యలు ఏడువందలమంది, ఉపపత్నులు మూడువందలమంది, వాళ్లు ఆయన హృదయాన్ని ఇతర దేవతల వైపు తిప్పేశారు. అంత జ్ఞానమున్నవాడు కూడా దేవుడు వద్దన్నచోట తన తెలివి చెప్పిందే ఖాయం చేసుకుని పడిపోయాడు. ఆ వచనం హెచ్చరించేది దీని గురించే అని నేను నమ్ముతాను. దేవుడు చెప్పిన మాటకూ మన లెక్కకూ పొసగనప్పుడు మన లెక్కనే చెల్లనివ్వడం, అదీ స్వబుద్ధిని ఆధారం చేసుకోవడమంటే. తెలివైనవాళ్లకు ఈ ప్రమాదం ఎక్కువ కూడా, ఎందుకంటే వాళ్లకు దొరికే కారణాలు బలంగా ఉంటాయి.

మీ కారణాలు కూడా బలంగానే ఉన్నాయి. ఇల్లు, నాన్నగారి ఆరోగ్యం, భార్య భవిష్యత్తు. ఒక్కటి కూడా స్వార్థం కాదు. అందుకే మీకు అబ్రాహాము సంగతి చెప్పాలనిపిస్తోంది.

అబ్రాహాము విశ్వాసం లేనివాడు కాదు, ఎక్కడికి వెళ్తున్నాడో తెలియకుండానే దేవుని మాట మీద బయలుదేరినవాడు. అలాంటివాడు గెరారు అనే ఊరికి వెళ్లినప్పుడు ఒక లెక్క వేసుకున్నాడు. నా భార్య అందగత్తె, ఇక్కడివాళ్లు ఆమె కోసం నన్ను చంపేస్తారు, చెల్లెలని చెబితే బతుకుతాను. పైగా అది పూర్తి అబద్ధం కూడా కాదు, శారా ఆయన తండ్రికి వేరే భార్య ద్వారా పుట్టిన కూతురే. ఆదికాండం 20లో రాజైన అబీమెలెకు ఆమెను తెప్పించుకుంటాడు, దేవుడు కలలో అతన్ని హెచ్చరిస్తాడు, అతను హడలిపోయి పొద్దున్నే లేచి అబ్రాహామును పిలిచి "ఎందుకిలా చేశావు" అని నిలదీస్తాడు. అప్పుడు అబ్రాహాము ఏమన్నాడో చూడండి. "ఈ స్థలమందు దేవుని భయము ఏమాత్రమును లేదు" అనుకుని అలా చేశానన్నాడు. కానీ ఆ పేజీలో దేవుడంటే భయపడి వణికిపోయింది ఎవరు? అబీమెలెకు, అతని సేవకులు. ఏ ఊళ్లో దేవుని భయం లేదని అబ్రాహాము ఖాయం చేసుకున్నాడో, ఆ ఊళ్లో దేవుడు అతనికంటే ముందే పనిచేస్తున్నాడు.

మీరు అకౌంట్స్ మనిషి కాబట్టి ఇది మీకు బాగా అర్థమవుతుంది. ఒక లావాదేవీని డెబిట్, క్రెడిట్ రెండు వైపులా పూర్తిగా వదిలేస్తే ట్రయల్ బ్యాలెన్స్‌లో ఆ తప్పు కనపడదు, రెండు మొత్తాలూ చక్కగా టాలీ అవుతాయి. అబ్రాహాము లెక్క అలా టాలీ అయింది. రాత్రిళ్లు కూర్చుని మీరు వేసిన లెక్క కూడా అలాగే టాలీ అయింది. అందులో జీతం ఉంది, వాయిదాలున్నాయి, మందుల ఖర్చుంది, మేనేజర్ కోపముంది, దేవుడు ఏమైనా చేయగలడన్న ఎంట్రీ మాత్రం ఎక్కడా పడలేదు.

ఆ అధ్యాయంలో ఇంకో మాట ఉంది, చాలామంది గమనించకుండా దాటిపోతారు. 13వ వచనంలో, మనం వెళ్లే ప్రతి చోటా నన్ను అన్న అని చెప్పమని ఆమెతో ముందే అనుకున్నానని అబ్రాహామే ఒప్పుకుంటాడు. ఎన్నో ఏళ్ల ముందు ఐగుప్తులో ఆడిన ఇదే అబద్ధం ఒకసారితో ఆగలేదు, అది వాళ్ల కుటుంబ పద్ధతి అయిపోయింది. మీ మేనేజర్ ఆరు నెలలే అంటున్నారు కదా, ఆలోచించండి. మొదటి నెల లేని సరుకు చూపించాక రెండో నెల ఆ సరుకు ఎక్కడికి పోయిందో చూపించాలి, అమ్మినట్టు చూపిస్తే డబ్బు చూపించాలి, లేదంటే ఇంకో అబద్ధపు నిల్వ చూపించాలి. ఆరు నెలల తర్వాత మీరు బయటకు వెళ్తానంటే ఆ కాగితాల మీద ఉన్న సంతకం ఎవరిది? అప్పుడు మేనేజర్ మిమ్మల్ని బతిమాలరు, బెదిరిస్తారు. ఇది భక్తితో చెప్పే మాట కాదు, మామూలు బుద్ధితో చూసినా కనిపించేదే. భయం పట్టుకున్నప్పుడు మన బుద్ధి నిజంగా బుద్ధిలా పనిచేయదు, భయం ఏం కోరుకుంటుందో దానికి కారణాలు వెతికి పెడుతుంది. "హృదయము అన్నిటికంటె మోసకరమైనది" అని యిర్మీయా 17:9లో ఉన్నది దుర్మార్గుల హృదయం గురించి మాత్రమే కాదు, కుటుంబాన్ని ప్రేమించే మంచివాళ్ల హృదయం గురించి కూడా.

ఇక బుద్ధిని వాడొద్దా అన్న మీ ప్రశ్న. వాడండి తమ్ముడూ, పూర్తిగా వాడండి. "నీ పూర్ణవివేకముతోను" దేవుణ్ణి ప్రేమించమని ప్రభువే చెప్పాడు కదా, మార్కు 12:30. యోసేపును చూడండి, ఈ విషయంలో నాకు బైబిల్లో ఆయనకంటే మంచి మనిషి కనపడడు. యజమాని పోతీఫరు భార్య తనతో పాపం చేయమని అడిగినప్పుడు ఆయన లాభనష్టాలు లెక్కవేయలేదు. "నేనెట్లు ఇంత ఘోరమైన దుష్కార్యము చేసి దేవునికి విరోధముగా పాపము కట్టుకొందును" అన్నాడు, వస్త్రం వదిలేసి బయటికి పారిపోయాడు. ఆ మనిషే ఫరో ముందు నిలబడ్డప్పుడు ఏం చేశాడు? ఏడు సమృద్ధి సంవత్సరాల్లో పంటలో అయిదో భాగం తీసి, ఏ ఊరి చుట్టుపక్కల పండింది ఆ ఊళ్లోనే నిల్వ చేయించి, ఏడు కరువు సంవత్సరాలకు సరిపడా ఏర్పాటు చేశాడు. పద్నాలుగేళ్ల ప్లానింగ్ అది. "దేవుడు చూసుకుంటాడులే, ఎందుకీ లెక్కలు" అనలేదు. దేవుడు వద్దన్నచోట లెక్క వేయలేదు, దేవుడు చేతికిచ్చిన పనిలో లెక్క తప్పలేదు. మీరు చేస్తున్నది దీనికి తిరగేసి ఉంది. సంతకం పెట్టాలా వద్దా అన్నచోట రాత్రంతా లెక్కలు వేస్తున్నారు, ఉద్యోగం పోతే ఇల్లు ఎలా నడపాలన్నచోట మాత్రం ఒక్క లెక్కా వేసినట్టు మీ ఉత్తరంలో కనపడలేదు.

నాన్నగారి విషయంలో ఆ పెద్దాయన మాట అస్సలు వినకండి. ఆయన బహుశా ఆసా రాజును దృష్టిలో పెట్టుకుని ఉంటారు, 2 దినవృత్తాంతములు 16:12లో ఆసా పాదాలకు జబ్బు చేసినప్పుడు యెహోవా దగ్గర విచారించకుండా వైద్యులను పట్టుకున్నాడని ఉంది కదా. కానీ ఆ అధ్యాయం మొదటి నుంచి చదివితే సంగతి వేరు. ఆసా అప్పటికే దేవుని మందిరంలోని వెండి బంగారాలు తీసి సిరియా రాజుకు పంపి అండ కొనుక్కున్నాడు, అది తప్పని చెప్పడానికి వచ్చిన ప్రవక్త హనానీని బందీగృహంలో వేయించాడు. దేవునితో మాటలు మానేసిన మనిషి జబ్బులో కూడా ఆయన వైపు తిరగలేదు, అదీ అక్కడ చెప్పిన బాధ. వైద్యం తప్పయితే హిజ్కియా రాజు పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయమని యెషయా ప్రవక్త ఎందుకు చెప్పాడు? లూకాను "ప్రియుడైన వైద్యుడు" అని పౌలు ఎందుకు రాశాడు? గుండె జబ్బు మందులు డాక్టర్‌ని అడక్కుండా ఆపితే ప్రాణం మీదకు వస్తుంది. ప్రార్థన చేయండి, మందులు వేయండి, చెకప్‌కు తీసుకెళ్లండి. ఎవరైనా మీ నాన్నగారి మందులు ఆపమని చెబితే, వాళ్లు ఎంత ప్రార్థనాపరులైనా, ఆ ఒక్క విషయంలో వాళ్ల మాట పక్కన పెట్టండి.

ఏది నా ఆలోచన, ఏది నడిపింపు అని అడిగారు. ఇది నిజంగా కష్టమైన ప్రశ్న, కాబట్టి కొంచెం ఎక్కువ చెబుతాను. జార్జ్ ముల్లర్ పేరు మీరు వినే ఉంటారు, 1805లో ప్రష్యాలో పుట్టి, ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో అనాథాశ్రమాలు నడిపినవాడు. 1898లో చనిపోయేనాటికి పదివేలమందికి పైగా పిల్లలు ఆయన ఆశ్రమాల్లో పెరిగారు. మనుషుల్ని చందాలు అడగకుండా దేవుణ్ణే అడిగేవాడని మన సంఘాల్లో ఆయన సాక్ష్యం తరచుగా చెబుతారు. అదే మనిషి వచ్చిన ప్రతి కానుకా రాసిపెట్టుకుని ఏటేటా లెక్కలతో సహా నివేదిక అచ్చువేయించేవాడన్న సంగతి మాత్రం అంతగా చెప్పరు. దేవుని చిత్తం తాను ఎలా తెలుసుకుంటాడో ఆయన రాసి ఉంచాడు. ముందు ఆ విషయంలో తన సొంత ఇష్టం లేని స్థితికి తన హృదయాన్ని తెచ్చుకుంటాడట, అక్కడికి చేరితే కష్టంలో పదింట తొమ్మిది వంతులు తీరిపోతుందంటాడు. తర్వాత కేవలం తనకు కలిగిన భావన మీద ఆధారపడడు, వాక్యంతో కలిపి ఆత్మ నడిపింపు వెదుకుతాడు. పరిస్థితులు చూస్తాడు. ప్రార్థన చేస్తాడు. అప్పుడు తనకున్న తెలివితో, సామర్థ్యం కొద్దీ ఆలోచించి ఒక నిర్ణయానికి వస్తాడు. చూశారా, ఆయన పద్ధతిలో కూడా బుద్ధికి చోటుంది, కాకపోతే అది చివర వస్తుంది, సొంత ఇష్టాన్ని దించేసుకున్న తర్వాత వస్తుంది.

అందుకే మీరు రెండు ప్రశ్నల్ని విడదీయాలి. సంతకం సంగతి వాక్యం తేల్చేసింది, దాన్ని మళ్లీ ప్రార్థనలో పెట్టి బేరం ఆడకండి. తర్వాత ఏ ఉద్యోగం, ఏ ఊరు, ఇల్లు ఉంచుకోవాలా అమ్మాలా, ఇవి వాక్యం పేరుపెట్టి చెప్పని విషయాలు. వీటిలో దేవుడు ఆకాశం నుంచి చెప్పేదాకా కదలకుండా కూర్చోనక్కర్లేదు. ప్రార్థించండి, నలుగురు అనుభవజ్ఞుల్ని అడగండి, లెక్కలు వేయండి, ఒక నిర్ణయం తీసుకుని అడుగు వేయండి. పొరపాటు అడుగు పడినా ఆయన అక్కడితో మిమ్మల్ని వదిలేయడు.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. "నాకు సమాధానంగా అనిపించింది కాబట్టి ఇదే దేవుని చిత్తం" అని, అంటే మనసు ప్రశాంతంగా ఉంది కాబట్టి అని, చాలామంది అంటారు. దేవుడిచ్చే సమాధానం నిజమే, ఫిలిప్పీయులు 4:7 మీద నాకు పూర్తి నమ్మకం ఉంది. కానీ దేవుని నుంచి పారిపోతున్న యోనా ఓడ అడుగున గాఢనిద్ర పోయాడు. తండ్రి చిత్తానికి పూర్తిగా లోబడిన యేసు గెత్సేమనేలో వేదనపడ్డాడు, ఆయన చెమట రక్తబిందువుల్లా పడింది. కాబట్టి రేపు మేనేజర్ గదిలోకి వెళ్లేటప్పుడు గుండె దడదడలాడితే తప్పు దారిలో ఉన్నానేమో అనుకోకండి. సంతకం పెట్టేశాక ఒకవేళ హాయిగా నిద్ర పట్టినా అది దేవుని ఆమోదం అనుకోవడానికి లేదు.

ఉద్యోగం పోతే? పోవచ్చు. పోదని నేను మాట ఇవ్వలేను, ఇచ్చేవాళ్లను నమ్మకండి కూడా. యోసేపు సరైన పని చేసి చెరసాలకు వెళ్లాడు, అక్కడ ఆయన సాయం పొందిన ఫరో పానదాయకుడు బయటికి వెళ్లి ఆయన్ని మర్చిపోయాక ఇంకో రెండేళ్లు అక్కడే ఉన్నాడు. త్రోవలు సరాళం చేస్తానన్న దేవుడు ఆ రెండేళ్లు ఏం చేస్తున్నట్టు అని యోసేపుకు అనిపించకుండా ఉంటుందా? ఆ రోజుల్లో ఆయనకు ఏ వివరణా రాలేదు. మనకు తర్వాతి అధ్యాయం తెలుసు కాబట్టి సులువుగా చదివేస్తాం. విగ్రహానికి మొక్కకపోతే అగ్నిగుండంలో వేయిస్తానని రాజు బెదిరించినప్పుడు షద్రకు, మేషాకు, అబేద్నెగోలు కూడా "ఒకవేళ ఆయన రక్షింపకపోయినను" అన్నారు. దేవుడు తప్పిస్తాడన్న హామీ చేతికి వచ్చాకే వద్దంటాను అంటే, అప్పుడు మీరు నమ్ముతున్నది హామీని, ఆయన్ని కాదు. మీ టెన్షన్ ఎక్కువగా ఇక్కడే ఉందని నాకనిపిస్తోంది. ముందే చివరిదాకా కనపడాలి, అప్పుడు అడుగేస్తాను అంటోంది మీ మనసు.

అర్థం కాకుండానే అడుగేసినవాడు ఎలా ఉంటాడో యిర్మీయా 32లో ఉంది. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించి ఉంది, నగరం పడిపోబోతోందని చెప్పింది యిర్మీయానే, ఆ మాట చెప్పినందుకే రాజమందిరంలోని చెరసాల ఆవరణలో బంధించబడి ఉన్నాడు. ఆ సమయంలో చిన్నాన్న కొడుకు హనమేలు వచ్చి అనాతోతులోని పొలం కొనమంటాడు. శత్రువు చేతికి పోబోయే భూమి ఎవరైనా కొంటారా? దేవుడు కొనమన్నాడు కాబట్టి కొన్నాడు. ఎంత పద్ధతిగా కొన్నాడంటే, 17 తులాల వెండి తూచి ఇచ్చాడు, క్రయపత్రం రాయించి సంతకం చేసి ముద్ర వేశాడు, సాక్షులను పెట్టాడు, ముద్ర వేసిన ప్రతినీ వేయని ప్రతినీ తన లేఖకుడు బారూకు చేతికిచ్చి చాలాకాలం ఉండేలా మట్టికుండలో పెట్టించాడు. కాగితాల పని అంతా లోటు లేకుండా ముగించాక ప్రార్థన చేసి, ప్రభువా, నీకు అసాధ్యమైనది ఏదీ లేదు, కానీ నగరం కల్దీయుల, అంటే బబులోనువాళ్ల, చేతికి పోతోంది, నువ్వేమో పొలం కొనమన్నావు అని తనకు అంతుపట్టని సంగతి ఆయన ముందు పెట్టాడు. దేవుడు ఆయన్ని తిట్టలేదు, జవాబిచ్చాడు. కాబట్టి మీ ప్రశ్నలు కూడా పాపం కాదు, అడగండి. విధేయత చూపించాక కూడా అడగొచ్చు.

ఇక చేయాల్సినవి. మేనేజర్ దగ్గరకు వెళ్లి మర్యాదగా, గొంతు పెంచకుండా, "ఉన్న సరుకు వరకు స్టేట్‌మెంట్ చేసి సంతకం పెడతాను, లేనిదానికి పెట్టలేను" అని చెప్పండి. ఆయన్ని దోషిలా నిలబెట్టకండి, ఆయన మీదా ఎవరిదో ఒత్తిడి ఉండే ఉంటుంది. దానియేలు రాజు భోజనం వద్దన్నప్పుడు ఊరికే వద్దని ఊరుకోలేదు, పదిరోజులు పరీక్షించి చూడమని ఇంకో దారి చూపించాడు. మీరు కూడా దారి చూపించండి. నిజమైన లెక్కలతోనే బ్యాంకుకు వెళ్లి గడువు అడుగుదామనండి, రావలసిన బాకీలు వసూలు చేసే పని నేను తీసుకుంటాననండి. ఒప్పుకుంటారో లేదో ఆయన ఇష్టం. మీరు చెప్పింది తర్వాత ఒక చిన్న మెయిల్‌లో కూడా పెట్టి దాచుకోండి, అది అవిశ్వాసం కాదు, మట్టికుండలో పెట్టిన పత్రం లాంటిదే. ఇప్పటికే ఏదైనా కాగితం మీద సంతకం పెట్టి ఉంటే, మీరు రాయలేదు గానీ, ఆలస్యం చేయకుండా ఒక న్యాయవాదిని కలవండి.

ఈ రోజు నుంచే వేరే ఉద్యోగం వెతకడం మొదలుపెట్టండి. భార్యతో కూర్చుని నెల ఖర్చు రాసుకోండి, నాన్నగారి మందులు అన్నిటికంటే పైన రాయండి. ఇంటి లోన్ వాయిదా తప్పేదాకా ఆగకుండా ముందే బ్యాంకుతో మాట్లాడండి, చాలాసార్లు ముందే అడిగినవాళ్లకు దొరికే వెసులుబాటు తర్వాత అడిగితే దొరకదు. సంఘంలో మీకు నమ్మకమున్న ఒకరిద్దరికి చెప్పండి, సాయం తీసుకోవడానికి మొహమాటపడకండి. దేవుడు తరచుగా మనుషుల చేతులతోనే ఇస్తాడు. రాత్రిళ్లు ఒంటరిగా లెక్కలు వేయడం మాత్రం మానెయ్యండి, ఆ పనేదో పగలు ఆమె పక్కన కూర్చుని చేయండి.

నాన్నగారికి చెప్పాలా అన్నారు. చెప్పండి, ఇంకొకరి ద్వారా వింటే ఆయనకు అది పెద్ద దెబ్బ అవుతుంది. కానీ ఈ రోజే కాదు, మేనేజర్‌తో మాట్లాడాక, ఖర్చుల కాగితం చేతిలో పెట్టుకుని, ఆయన కాస్త ఓపికగా ఉన్న పగటిపూట ఇద్దరూ కలిసి చెప్పండి. మొదటి మాటే మందుల డబ్బు విడిగా తీసి పెట్టామని చెప్పండి. అది చెప్పకపోతే కొడుక్కి భారమవుతున్నానని ఆయనే మాత్రలు తగ్గించేసుకోవచ్చు, పెద్దవాళ్లు అలా చేస్తారు, అడిగితే వేసుకున్నాననే అంటారు. కొన్నాళ్లు మాత్రలు వేళకు మీ చేతులతోనే ఇవ్వండి.